చారల గింజ

వీపులు.

పువ్వుల వీపులు.

మెట్ట మీద గాలి ఆగదు. ఆ గాలిలో ఊగుతూ, పసుపు అటు, పచ్చ ఇటు... ఒక్కటి మిగలకుండా అన్నీ తూర్పుకే తిరిగి నిలబడ్డాయి. పొద్దున్నే వచ్చే ఎల్వీనాకి వాటి ముఖాలు కనబడవు. శ్మశానం గేటు పడమట ఉంది. ఆమె ఎప్పుడూ వెనకనుంచే వస్తుంది. గరుకు ఆకులు మోచేతులకి గీసుకుంటాయి. జిగురుజిగురుగా, మందుసీసా మూత తీసినట్టు ఒక వాసన వేళ్ళకి అంటుకుంటుంది.

పువ్వులు ఆమెకి వీపు పెట్టి ఎవరినో చూస్తుంటాయి.

ఎవరిని?

నీళ్ళని.

తూర్పున, మెట్ట కింద, చూపు ఆనినంత మేర నీళ్ళు. నిరుడు అక్కడ ఊరుంది. చర్చి ఉంది, బడి ఉంది, ఎల్వీనా వాళ్ళమ్మ తోట ఉంది. ఎక్కడో దిగువన మిస్సోరి నదికి అడ్డంగా కట్ట కట్టారు. ఎల్వీనా వాళ్ళ తెగ, హిడాట్సాల పల్లపు భూములన్నీ మునిగిపోయాయి. ఇళ్ళని లారీల మీదకి ఎక్కించి మెట్టకి లాక్కొచ్చారు. ఎల్వీనా ఇల్లూ అలాగే వచ్చింది. దారిలో కుదుపులకి ఒక పక్కకి ఒరిగింది. అప్పట్నుంచీ తలుపు సరిగ్గా పడదు. గాలికి కొట్టుకుంటూనే ఉంటుంది.

టప్... టప్...

ఇళ్ళకంటే ముందు, పోయినవాళ్ళని తెచ్చారు.

అక్కడే వచ్చింది చిక్కు.

*

చాలా ఏళ్ళ కిందట, ఎల్వీనా కూతురు మిన్నీకి ఐదేళ్ళు. కోరింత దగ్గుతో పోయింది. నది రాయిలా గడ్డకట్టిన చలికాలం అది. అదే చలికాలంలో, అదే దగ్గుతో, వరసైన చుట్టం వర్జిల్ కొడుకు ఓటిస్ కూడా పోయాడు. వాడిదీ అదే ఈడు. ఎల్వీనా మొగుడు లెస్టర్ ఒకే చెట్టు పలకలతో రెండు పెట్టెలు చేశాడు. ఒకే కొలత. ఒకే మేకులు. పక్కపక్కనే పెట్టారు ఇద్దర్నీ.

నేలలో గునపం దిగలేదు. నెగడు వేసి, నేలని కరిగించి తవ్వారు.

ఆ నిప్పు వెచ్చదనం మట్టికి గుర్తుండిపోయిందేమో... నది మీద మంచు విరిగి, పెళ్ళలు పెళ్ళలుగా కొట్టుకుపోయిన వసంతంలో, మిన్నీ సమాధి గుట్ట మీద ఏదో మొలిచింది. గుంపుగా. రెండేసి దళసరి ఆకులతో. కొన్నింటి తలమీద గింజ పొట్టు ఇంకా టోపీలా ఉంది.

ఎవరూ నాటలేదు.

ఎల్వీనా బెదిరిపోయింది. ఇదేం సూచనో అనుకుంది. ఆమెకి ఏది చూసినా సూచనే. పిల్లి తుమ్మినా, పొయ్యి పొగచూరినా, లెస్టర్ బండి మలుపు దగ్గర ఆలస్యమైనా... ముందు చెడ్డదే తోస్తుంది. అప్పటికి ఆమె తల్లి బతికే ఉంది. కర్ర ఆనించుకుని వంగి చూసింది.

"పిచ్చిదానా. పొద్దుతిరుగుడే. అడవిది."

"ఎవరు వేశారమ్మా?"

"ఎవరు వెయ్యాలి? నేల ఎక్కడ పగిలితే అక్కడికి అదే వస్తుంది. మా అమ్మమ్మ కాలంలో అడవిదున్నలు దొర్లిన గుంటల్నిండా ఇవే. కుక్క తవ్వినా వస్తుంది, బండి చక్రం దిగినా వస్తుంది. బిడ్డ కోసం తవ్వితే రాదా?"

ఆ మాట ఎల్వీనా గుండెలో పడింది. గింజ పడ్డట్టు.

మొక్క ఎదిగింది. తోటలో అమ్మ వేసే పొద్దుతిరుగుడులా ఒంటికాడ, పెద్ద తల కాదు. అడవిది అడవిదే. కొమ్మలు, కొమ్మలకి కొమ్మలు, ప్రతి కొసనా అరచేతిలో ఇమిడే పువ్వు. లేతగా ఉన్నప్పుడు మొగ్గలు పొద్దుతో పాటు తిరిగాయి. ఉదయం అటు, సాయంత్రం ఇటు, రాత్రంతా మెల్లగా వెనక్కి... నిద్రలో పొర్లే పసిపిల్లలా. పూర్తిగా విచ్చాక తిరగడం మానేశాయి. మెడ బిగుసుకుంది. తూర్పుకే చూస్తూ ఆగిపోయాయి.

తిరిగేది పసితనంలోనే.

ముదిరాక, చూసింది చూస్తూనే ఉండటం.

శీతు పడి నేల తెల్లబడ్డాక ఎల్వీనా ఒక తల తుంచి గింజలు రాల్చి చూసింది. అడవి గింజ చిన్నగా, మట్టిరంగులో ఉంటుంది. ఇవీ చిన్నవే. కానీ నల్లటి ఒంటి మీద తెల్లటి చారలు. అచ్చం అమ్మ తోటలో గింజల్లా. ఆ తోట శ్మశానం కంచె పక్కనే. తేనెటీగలకి కంచెలు అడ్డమా?

"కలిసిపోయింది," అంది అమ్మ, గింజని గోటితో తిప్పుతూ. "మన తోట నెత్తురు దీన్లో ఉంది."

అప్పట్నుంచీ ఏటా అంతే. చలికి మొక్క చచ్చిపోతుంది. వేరుతో సహా. మళ్ళీ వచ్చేది అది కాదు, దాని బిడ్డ. మరుసటేడు ఆ బిడ్డకి బిడ్డ. అలా ఎన్ని తరాలో... మిన్నీ మాత్రం ఐదేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

పక్కన ఓటిస్ గుట్ట మీదా మొలిచేవి. వర్జిల్ పెళ్ళాం మొక్క రెండాకులు వేయగానే పీకేసేది. కలుపంటే ఆమెకి పడేది కాదు. తర్వాత ఆమె కూడా పోయింది. ఈలోగా గుట్ట మీద గడ్డి దట్టంగా అల్లుకుంది. గింజలకి దారి లేదు.

ఒక ఏడు గడ్డి తగలబడి శ్మశానంలో కొయ్య సిలువలన్నీ కాలిపోయాయి. అందరూ కొత్తవి పెట్టుకున్నారు. ఎల్వీనా పెట్టలేదు. వర్జిల్ కూడా పెట్టలేదు.

ఎందుకు? పువ్వుంది కదా.

పువ్వున్నది మిన్నీ. పక్కది ఓటిస్. ఇందులో మర్చిపోవడానికి ఏముంది?

*

సమాధులు తవ్వి మెట్టకి తీసుకెళ్ళే మనుషులు వసంతం మొదట్లోనే వస్తారని తెలిసింది. బయటివాళ్ళు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఒక మాట అనుకున్నారు. వాళ్ళొచ్చేసరికి శ్మశానం అద్దంలా ఉండాలి. చూశారా, వీళ్ళు చచ్చినవాళ్ళని కలుపులో వదిలేశారు అని ఒక్క మాట కూడా పడకూడదు.

పలుగులు, పారలు, దంతెలు తీసుకుని దిగారు. ఆడవాళ్ళ చెయ్యి పడితే పొలమైనా శ్మశానమైనా ఒకటే. గడ్డి చెక్కారు. ఎండుపుల్లలు ఏరారు. నేల చదును చేశారు.

అందరికంటే ఎల్వీనాది భయం ఎక్కువ. అందుకే అందరికంటే శుభ్రంగా చేసింది.

నిరుటి కాడలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఎండి, కర్రల్లా గట్టిపడి, ఖాళీ తలలు వేలాడేసి. చూడటానికి బాగాలేవు. బయటివాళ్ళు ఏమనుకుంటారో... రెండు చేతులతో పట్టుకుని పీకింది. వేళ్ళకున్న మట్టి దులిపింది. దంతెతో అటూ ఇటూ లాగింది. ఆ ఊపులో పక్క గుట్ట మీది గడ్డి కూడా చెక్కేసింది. వర్జిల్ ఊళ్ళో లేడు, రైలు పట్టాల పనికి పోయాడు, పాపం వాడి తరఫున ఎవరున్నారని.

అన్నీ కుప్పేసి తగలబెట్టింది.

చేతులు దులుపుకుంటూ వెనక్కి చూసింది. ఎంత శుభ్రంగా ఉందో.

మర్నాడు పొద్దున వచ్చేసరికి శ్మశానం మూలనున్న కాటన్‌వుడ్ చెట్టు కూడా లేదు. మునిగే భూమిలో చెట్లన్నీ కొట్టేస్తున్నారు. ఆ చెట్టు నుంచే ఎన్నో గుట్టో లెక్క చూసుకునేవాళ్ళు. ఇప్పుడు మొద్దు కూడా లేదు, లాగి పారేశారు.

చదునైన నేల.

పక్కపక్కనే రెండు నున్నటి ఉబ్బులు. వాటికి అటూ ఇటూ ఇంకా ఉబ్బులు... అవి సమాధులో, దంతె లాగిన మట్టో.

చేతిలో సుత్తి, చంకలో మేకుకర్రలు పట్టుకుని ఆ బయటివాళ్ళలో ఒకడు అడిగాడు. "మీ పాప ఎక్కడమ్మా?"

ఎల్వీనా రెండు ఉబ్బుల్నీ మార్చి మార్చి చూసింది.

తెలియదు అంటే? శుభ్రం చేసి చేసి సొంత బిడ్డని పోగొట్టుకున్న తల్లి అనరూ? వెనకాల ఊరంతా నిలబడి ఉంది.

"ఇదే," అంది. గొంతు వణకలేదు. అదే ఆమెకి ఇప్పటికీ ఆశ్చర్యం.

"పక్కది?"

"వర్జిల్ కొడుకు."

సుత్తి దెబ్బ పడింది. ఒకటి అక్కడ. ఒకటి ఇక్కడ. తర్వాత ఆడవాళ్ళు చూడకూడదని గుడారం గుడ్డ అడ్డం కట్టారు. గుడ్డ వెనక పారల చప్పుడు...

ఆ చప్పుడు ఇంకా ఆగలేదు. ఆమె చెవుల్లో.

ఒకవేళ—

ఒకవేళ ఇది అదైతే. అది ఇదైతే.

ఒకవేళ రెండూ కాకపోతే. మిన్నీ అక్కడే, ఆ చదును కింద ఉండిపోతే. తర్వాత నీళ్ళు వచ్చాయి కదా. మెల్లగా వచ్చాయి. మోకాలంత, నడుమంత, చర్చి కిటికీలంత...

నీళ్ళంటే మిన్నీకి భయం. స్నానానికే ఏడ్చేది.

*

మెట్ట మీద మొదటి వసంతం. కొత్త శ్మశానం, కొత్త సిలువలు. ఎర్రగా పగిలిన నేల.

మిన్నీ సిలువ కింద మొలక కనబడగానే ఎల్వీనా మోకాళ్ళ మీద కూలబడింది. వచ్చావా... వచ్చావా తల్లీ...

తల పక్కకి తిప్పింది.

ఓటిస్ సిలువ కింద కూడా.

ఇంకాస్త తిప్పింది. ముసలివాళ్ళ సమాధుల మీద, సైనికుల సమాధుల మీద, గేటు దగ్గర, కంచె వారన, కొత్త రోడ్డు గట్టున, లారీ చక్రాలు దిగబడిన గాడిలో... ఎక్కడ నేల పగిలిందో అక్కడల్లా. గుంపులు గుంపులు. తలల మీద పొట్టు టోపీలతో.

అమ్మ చెప్పింది కదా. కుక్క తవ్వినా వస్తుంది.

పువ్వు సాక్ష్యం చెప్పదు.

గింజ చెప్పాలి.

పెట్టెతో పాటు పాత గుట్ట మట్టీ వచ్చింది కదా, చారల గింజ ఏ గుట్ట మీద కడితే మిన్నీ అక్కడ. అంతే. ఆ రోజు నుంచి ఎల్వీనాకి అదే పని. పొద్దున్నే రావడం. ఆకులు లెక్కపెట్టినట్టు చూడటం. పురుగు పట్టిందా, కుందేలు కొరికిందా, గాలికి విరిగిందా. వడగళ్ళ మబ్బు పడితే ఇంట్లో నిలవలేదు. మొగ్గలు పొద్దుతో తిరిగినన్నాళ్ళూ ఆమె మెడ కూడా తిరిగింది... ఈ గుట్ట, ఆ గుట్ట. ఈ గుట్ట, ఆ గుట్ట.

ఇంట్లో తలుపు. టప్. టప్.

"తిను ముందు," అన్నాడు లెస్టర్. మొక్కజొన్న సూప్ చల్లారి మీగడ కట్టింది.

"గింజ ముదరాలి."

"ముదిరితే?"

"తెలుస్తుంది."

"తెలిస్తే ఏం చేస్తావ్? మళ్ళీ తవ్విస్తావా వాళ్ళని?"

ఎల్వీనా చెంచా కింద పెట్టింది. "రోజూ పొద్దున్నే వెళ్ళి కబుర్లు చెప్పొస్తున్నానే... ఎవరితో చెబుతున్నానో తెలియొద్దా?"

లెస్టర్ లేచి తలుపు సందులో అట్టముక్క దోపాడు. కాసేపు ఆగింది చప్పుడు. మళ్ళీ మొదలైంది.

*

రేకులు రాలాయి. వీపులు పసుపుగా మారాయి. ఇక పసుపు పిట్టలు వస్తాయి. తలకిందులుగా వేలాడి, గింజ వెంట గింజ ఒలిచి, పొట్టు నేలకి ఊది, ఒకటీ అరా తప్ప మిగల్చవు.

ఎల్వీనా పిండిసంచి గుడ్డ చింపి తెచ్చింది. ఈ గుట్ట మీద ఒక మొక్కకి, ఆ గుట్ట మీద ఒక మొక్కకి, పెద్ద తల చూసి గుడ్డ కప్పి దారంతో కట్టింది. గుడ్డ మీద నీలం పువ్వుల అచ్చు. పువ్వు మీద పువ్వుల గుడ్డ.

"ఓహోహో... పెళ్ళి ఎవరికమ్మా?"

వర్జిల్. పట్టాల పని అయిపోయి వచ్చాడు. కంచె మీద మోచేతులు ఆనించి, టోపీ వెనక్కి నెట్టి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

వాళ్ళిద్దరిదీ ఎగతాళి వరస. ఇద్దరి తండ్రులూ ఒకే వంశం వాళ్ళు. వాళ్ళ తెగలో అలాంటి తండ్రుల పిల్లలు ఒకరినొకరు ఎంతైనా ఏడిపించుకోవచ్చు, నలుగురిలో పరువు తియ్యొచ్చు. ఉడుక్కోకూడదు. ఉడుక్కున్నవాళ్ళకి ఇంకో నాలుగు ఎక్కువ పడతాయి. తప్పు చేస్తే ముందు ఎత్తి చూపించేదీ ఆ చుట్టమే. అది వాళ్ళ హక్కు. వాళ్ళ బాధ్యత కూడా.

"ముసుగులేసి నిలబెట్టావు పెళ్ళికూతుళ్ళని. పెళ్ళికొడుకు ఎవరు, గాలా?"

"నీలాంటి ఎండుకట్టెకి పిల్లనిచ్చేదాన్ని కాదులే."

"అదృష్టవంతుణ్ణి. అత్తగారిగా నువ్వొస్తే ఇల్లు ఊడ్చి ఊడ్చి, అల్లుణ్ణి కూడా ఊడ్చి పారేస్తావ్. శ్మశానం అద్దంలా చేశావటగా? నాకు పట్టాల దాకా వినబడింది. పోయినవాళ్ళు కూడా జారిపడ్డారట!"

నవ్వాలి. ఎదురు మాట అనాలి. అదీ వరస.

ఎల్వీనాకి నవ్వు రాలేదు. వేళ్ళకి జిగురు. దారం ముడి పడటం లేదు.

"వర్జిల్."

"ఊఁ?"

"నేనే చూపించాను. నువ్వు లేవుగా... మీవాణ్ణి కూడా నేనే చూపించాను. నాకు తెలీదు, వర్జిల్. ఏది ఎవరిదో నాకు తెలీకుండానే చూపించాను."

గాలి. గుడ్డలు రెండూ ఉబ్బి, దిగి, ఉబ్బి...

వర్జిల్ నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు, తీయడం మర్చిపోయినట్టు. తర్వాత మోచేతులు కంచె మీంచి తీశాడు. టోపీ ముందుకి లాక్కున్నాడు.

వీపు తిప్పి వెళ్ళిపోయాడు.

*

ఆదివారం చర్చి దగ్గర భోజనాలు. వర్జిల్ అందరినీ ఆటపట్టిస్తున్నాడు. లెస్టర్ రొట్టె గట్టిదనీ, పాస్టరు గొంతు విని కొయోట్ నక్కలు సిగ్గుపడుతున్నాయనీ... నవ్వులే నవ్వులు. ఎల్వీనా గిన్నె పట్టుకుని ఎదురుగా వచ్చింది.

తిట్టు. ఏదో ఒకటి అను. పిల్లల్ని పోగొట్టే మొహం అని అను. నలుగురిలో అను.

"బాగున్నారా అమ్మా," అన్నాడు వర్జిల్. మర్యాదగా. పరాయివాళ్ళని పలకరించినట్టు.

పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

వరసైనవాడు ఎగతాళి మానేశాడంటే వరస తెంచుకున్నట్టే. అంతకంటే పెద్ద తిట్టు లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఒక్క క్షణం తినడం ఆపారు.

అప్పట్నుంచీ అంతే. దుకాణం దగ్గర, పోస్టాఫీసు దగ్గర, రోడ్డు మీద. బాగున్నారా అమ్మా. వస్తానమ్మా. ఆ మర్యాద ముళ్ళతీగలా గుచ్చుకునేది.

ఇప్పుడు ఆమె భయానికి ఇద్దరు పిల్లలు. నా బిడ్డ ఎక్కడ అన్నది ఒకటే ఉండేది. వాడి బిడ్డని ఏం చేశాను అన్నది ఇంకోటి తోడైంది.

ఆ గుడ్డలు విప్పాలి. కానీ శీతు పడకుండా గింజ కొయ్యకూడదు. ఎప్పట్నుంచో అంతే. నది మీద మంచు విరగగానే అన్నిటికంటే ముందు విత్తేది పొద్దుతిరుగుడే. అన్నిటికంటే చివర కోసేదీ అదే. శీతు తగిలితేనే గింజకి నూనె పడుతుంది, రంగు తేలుతుంది. తొందరపడి విప్పితే పాలుగారే పొట్టు తప్ప ఏమీ ఉండదు.

ఆగాలి.

ఆగడం చేతకాని మనిషి ఆగాలి.

రాత్రిళ్ళు లేచి కిటికీ అద్దానికి వేలు ఆనించి చూసేది. చల్లగా ఉందా... ఇంకా లేదా... ఒకవేళ గుడ్డలో తేమ చేరి బూజు పడితే. ఒకవేళ పురుగు లోపలే ఉంటే. ఒకవేళ ఎలుక కాడెక్కితే.

ఒకవేళ రెండూ మట్టిరంగువే అయితే.

అది మాత్రం గట్టిగా అనుకోలేదు. అనుకోబోయి, నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయేది. రెండూ మట్టిరంగువైతే, ఆ రెండు పెట్టెలూ ఎవరివో. మిన్నీ నీళ్ళ కింద.

*

ఒక పొద్దున లేచేసరికి నేల తెల్లగా ఉంది.

ఆకులన్నీ ఒక్క రాత్రిలో నల్లబడి, ఉడకబెట్టినట్టు వేలాడుతున్నాయి. కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి. తలలు వాలిపోయి... అయినా తూర్పుకే. చచ్చినా తూర్పుకే.

గేటు తోసేసరికి లోపల మనిషి. ఓటిస్ సిలువ దగ్గర. టోపీ చేతిలో పట్టుకుని. ఊపిరి పొగలు.

"బాగున్నారా అ..." అనబోయి ఆగాడు వర్జిల్. గొంతు సరిచేసుకున్నాడు. గుడ్డల వైపు చూశాడు. "ఇవాళేనా?"

"ఇవాళే."

నీకెలా తెలుసు అని ఆమె అడగలేదు. మంచు ఆయన ఇంటి మీదా పడుతుంది కదా.

దారం తడిసి బిగిసిపోయింది. ఎల్వీనా వేళ్ళు ఆడటం లేదు. వర్జిల్ జేబుకత్తి తీసి ముడి తెంపాడు. ముందు మిన్నీది. గుడ్డ జారింది. గరుకు తల ఆమె అరచేతిలోకి వాలింది. బొటనవేలితో రుద్దింది. పొట్టుపూలు రాలిపోయాయి.

కింద గింజలు.

నలుపు. నలుపు మీద తెల్లటి చారలు.

ఆమె గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. మాట కాదు. మిన్నీ... ఇక్కడే... ఇక్కడే ఉన్నావా...

వర్జిల్ రెండో ముడి తెంపాడు. తనే విప్పాడు. తనే రుద్దాడు. చూసి, మళ్ళీ రుద్ది చూశాడు. తర్వాత ఆ తల ఆమె ముందుకి వంచి పట్టుకున్నాడు.

చారలు.

అక్కడా చారలే.

ఎల్వీనా ఒక గింజ ఈ అరచేతిలో, ఒక గింజ ఆ అరచేతిలో పెట్టుకుని చూసింది. కళ్ళకి దగ్గరగా. వెలుతురుకి అడ్డంగా. తేడా లేదు. అక్కాచెల్లెళ్ళ గింజలు. చప్పున లేచి కంచె దగ్గరికి పరుగెత్తింది. అక్కడి తల తుంచి, పిట్టలు వదిలేసిన గింజలు చూసింది... మట్టిరంగు. గేటు దగ్గరిది... మట్టిరంగు. ముసలివాళ్ళ సమాధుల మీదివి... మట్టిరంగు, మట్టిరంగు. రోడ్డు గట్టుది కూడా.

ఈ రెండిటి మీదే చారలు.

రొప్పుతూ తిరిగొచ్చింది. ఎన్నేళ్ళు పీకినా, గడ్డి కప్పినా, పక్క గుట్ట మట్టిలో కూడా ఆ గింజలు నిద్రపోతూనే ఉన్నాయన్నమాట. లేకపోతే ఒకే పారకి అంటుకుని ఇటు మట్టి అటు వచ్చిందో. లేకపోతే ఆమె దంతే ఈ గింజల్ని ఆ గుట్ట మీదకి లాగిందో...

"రెండు పెట్టెలూ అక్కడివే, మన పిల్లల గుట్టలవే," అన్నాడు వర్జిల్ మెల్లగా.

"ఏది ఎవరిదో..."

"ఊఁ."

"ఎప్పటికీ తెలీదు వర్జిల్."

గాలికి కాడలు ఒకదానికొకటి రాసుకున్నాయి. ఎండు చప్పుడు.

వర్జిల్ అరచేతిలో గింజలు ఎగరేసి పట్టుకున్నాడు. ఒకటి పళ్ళ మధ్య పెట్టి కొరికాడు. పొట్టు ఊసి నమిలాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, చలికో మరి దేనికో.

"చూశావా నీ కూతురు పని," అన్నాడు. "మావాడు అటు తిరిగి పడుకున్నాడో లేదో, వాడి పొలంలో కూడా విత్తేసింది. మీ ఇంటి ఆడవాళ్ళకి గట్టూ సరిహద్దూ లేవే! నువ్వు చదును చేసి ఇచ్చావ్, అది నాటుకుంది. తోడుదొంగలు."

ఎల్వీనాకి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే, వరస తప్పకుండా, ఎదురు మాట వెతుక్కుంది.

"మీవాడు బద్ధకస్తుడు. తండ్రి పోలిక. పొలం ఖాళీగా వదిలేస్తే ఎవరో ఒకరు వెయ్యాలిగా."

"అదీ... అలా అను," అన్నాడు వర్జిల్. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

రెండు తలల గింజలూ ఆయన టోపీలో కలిపారు. ఏది దేనిదో ఇక తెలియకుండా. గుప్పెడు తీసి ఆమె ఇక్కడ చల్లింది. గుప్పెడు తీసి ఆయన అక్కడ చల్లాడు. ఇక ఏ పొద్దున వచ్చినా ఇద్దరితోనూ మాట్లాడాలి. ఇద్దరికీ ఒకే కబురు చెప్పాలి. సరే. చెబుతుంది. ఈ రాత్రి నిద్ర పడుతుందేమో. తలుపు కొట్టుకున్నా పడుతుందేమో...

నడుం నిమురుకుంటూ లేచి నిలబడింది.

అప్పుడు కనబడింది.

కింద. వాలు చివర. నీళ్ళు ఒరుసుకుని గట్టు కూలిన చోట. పగిలిన పచ్చి మట్టిలో, నీళ్ళని ఆనుకుని... ఒకే ఒక్క మొక్క. ఆలస్యంగా మొలిచినట్టుంది. మెట్ట మీద అన్నిటినీ నల్లబరిచిన శీతు దాన్ని ముట్టుకోలేదు. నీళ్ళ వెచ్చదనం కాసిందేమో. పచ్చగా ఉంది. పసుపుగా ఉంది.

ఎక్కడి మట్టి అది? ఏ అల తెచ్చిన గింజ? ఎవరి మీంచి...

ఒకవేళ—

రెండూ చారలవే కదా. రెండు పెట్టెలూ అక్కడివే కదా. అయినా. అటూ ఇటూ ఇంకా ఉబ్బులున్నాయి కదా, ఆ రోజు. ఆమె దంతె ఎంత దూరం లాగిందో ఎవరు చూశారు?

కాళ్ళు అప్పటికే నడుస్తున్నాయి.

"ఎల్వీనా! ఇప్పుడెక్కడికే?"

వినబడింది. ఆగలేదు. మంచు కరిగిన గడ్డి జారుతోంది. గౌను అంచు తడిసింది. వాలు దిగి, కూలిన మట్టి మీద పడుతూ లేస్తూ, మొక్క వెనక్కి చేరింది.

దానికీ వీపే. అదీ తూర్పుకే.

ముఖం చూడాలంటే నీళ్ళలోకి దిగాలి.

దిగింది.

బూట్లలోకి చలి. చీలమండలకి చలి. పిక్కలకి. కాళ్ళ కింద మెత్తటి బురద, ఒకప్పటి కొండవాలు. తిరిగి నిలబడి, పువ్వు గడ్డం పట్టుకున్నట్టు పట్టుకుని ఎత్తింది.

ఇప్పుడే విచ్చింది. నడుమ ఇంకా ఆకుపచ్చ. వేలితో తడిమింది. గింజ కట్టలేదు. కట్టడానికి ఇక రోజులు కూడా లేవు. పెద్ద చలి వచ్చేస్తోంది.

"ఏముందే అక్కడ?" పైనుంచి వర్జిల్ అరుస్తున్నాడు. "చేపలు పడుతున్నావా?"

ఏముందో ఆమెకి తెలియదు. పువ్వు వదిలేసింది. అది మళ్ళీ తన చోటికి ఊగి, ఆమె భుజం పక్కనుంచి, ఆమెని దాటి, దూరంగా చూసింది.

ఏం చూస్తోందో అని ఆమె కూడా తిరిగింది.

మెట్ట మీద నుంచి చూసే వర్జిల్‌కి ఇప్పుడు కనబడేవి రెండు. నీళ్ళ అంచున ఒకటి, నీళ్ళలో ఒకటి. గాలికి ఊగుతూ. తూర్పుకి తిరిగి...

వీపులు.